బటన్ నొక్కినా బోర్డు పలకనప్పుడు

మైక్రోకంట్రోలర్ బోర్డుకు తగిలించిన చిన్న బటన్ నొక్కితే ఏమీ జరగనప్పుడు ఎక్కువమంది చేసే మొదటి పని దాన్ని ఊడబీకి కొత్తది అతకడం. చవకగా దొరికే వస్తువు కనుక ఆ తొందరను మరీ తప్పుపట్టలేం. అయితే పాలకొల్లులో నా పనిబల్ల మీదికి వచ్చే బోర్డులలో, ముఖ్యంగా రొయ్యల చెరువు గట్ల మీద నుంచి వచ్చేవాటిలో, బటన్ నిజంగానే పాడైపోయినవి తక్కువగా కనబడతాయి. నాలుగు కాళ్లనూ వేడిచేసి బటన్‌ను లాగేటప్పుడు బోర్డు మీది రాగి చుక్క లేచిపోయి, లేని రోగం ఒకటి కొత్తగా తెచ్చిపెట్టుకున్నవే అంతకంటే ఎక్కువ.

వేలు నొక్కిన చోటు నుంచి ప్రోగ్రాంలో ఆ సంగతిని చదివే వాక్యం దాకా చాలా అంచెలు ఉన్నాయి. బటన్ లోపలి రేకు, దాని కాళ్లు, సోల్డరింగ్, వైరు, గ్రౌండ్ (సున్నా వోల్టుల వైపు), పుల్-అప్ రెసిస్టర్ (నొక్కనప్పుడు పిన్నును సరఫరా వోల్టేజీ వైపు లాగి ఉంచేది), చిప్పు పిన్ను, ఆ పిన్నుకు ప్రోగ్రాంలో ఇచ్చిన అమరిక, చివరికి దాన్ని చదివే తీరు. వీటిలో ఏది తెగినా బయటికి కనిపించేది ఒకటే: నొక్కితే పలకదు. శివారు చేలకు నీరు అందనప్పుడు మన వైపు రైతు తన మడిలో గొయ్యి తవ్వుతూ కూర్చోడు. బోదె వెంట నడిచి వెళ్లి నడిమి తూము దగ్గర నీరుందో లేదో చూస్తాడు, దాన్నిబట్టి పైకి వెళ్లాలా కిందికి రావాలా తేల్చుకుంటాడు. ఇక్కడ ఆ నడిమి తూము చిప్పు పిన్ను. అక్కడ వోల్టేజీ సరిగా మారుతుంటే బటన్, వైరు, సోల్డరింగ్ అన్నీ నిర్దోషులే, తప్పు ప్రోగ్రాంలో ఉంది. మారకపోతే ప్రోగ్రాంను ఎన్నిసార్లు తిరగరాసినా ప్రయోజనం లేదు.

కొలిచే పద్ధతి తేలిక. మల్టీమీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబును బోర్డు మీద గ్రౌండ్ అని రాసి ఉన్న పిన్నుకు, ఎర్ర ప్రోబును బటన్ వైరు వచ్చి కలిసే పిన్నుకు ఆనించాలి. నల్ల ప్రోబును బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే చిల్లుల పలక) మీది గ్రౌండ్ వరసకు ఆనించకూడదు, ఎందుకంటే ఆ వరసే తెగి ఉండవచ్చు. బటన్ రెండో కాలు గ్రౌండ్‌కు వెళ్లేలా, పిన్నును పైకి లాగే రెసిస్టర్ ఉండేలా కలిపి ఉంటే (ఇప్పుడు దాదాపు అందరూ అలాగే కలుపుతున్నారు), వదిలినప్పుడు పూర్తి సరఫరా వోల్టేజీ, నొక్కినప్పుడు సున్నాకు దగ్గరగా ఏదో ఒక చిన్న అంకె కనబడాలి. ఆర్డ్యునో ఊనో అనే బోర్డులో ఉండే ఏటీమెగా 328పీ చిప్పు 5 వోల్టుల దగ్గర నడుస్తున్నప్పుడు, 1.5 వోల్టుల లోపు ఉంటే సున్నాగా, 3 వోల్టులు దాటితే ఒకటిగా చదువుతుందని తయారీదారు హామీ. నడిమి మేరకు హామీ లేదు. 3.3 వోల్టులతో నడిచే ఈఎస్‌పీ 32 అనే మరో చిప్పులో ఈ హద్దులు ఇంచుమించు 0.8, 2.5 వోల్టులు. ఈ అంకెలు గుర్తుపెట్టుకుంటే సగం సందేహాలు మీటర్ ముందే తీరిపోతాయి. మీటర్ లేని కుర్రవాళ్లు బటన్‌ను వదిలేసి, పిన్ను నుంచి ఒక జంపర్ వైరును నేరుగా గ్రౌండ్‌కు తాకించి చూడవచ్చు. అప్పుడు బోర్డు పలికితే లోపం వైరుకో బటన్‌కో చెందినది.

బల్ల మీద, బ్రెడ్‌బోర్డు మీద ఎదురయ్యే లోపాలను త్వరగా చెప్పేస్తాను. నాలుగు కాళ్ల బటన్‌లో కాళ్లు రెండు జతలుగా ఉంటాయి. ఒక జతలోని రెండూ లోపల ఎప్పుడూ కలిసే ఉంటాయి, నొక్కినప్పుడు రెండు జతలూ ఏకమవుతాయి. 6 మిల్లీమీటర్ల చదరపు బటన్‌ను పక్కకు తిప్పి గుచ్చితే, మనం వాడిన రెండు కాళ్లూ ఒకే జతవి అయిపోయి, బటన్ పొద్దస్తమానం నొక్కి ఉన్నట్టే పిన్నుకు కనబడుతుంది. ఎటు గుచ్చినా ఇబ్బంది రాకుండా ఉండాలంటే ఎదురుబొదురు మూలల కాళ్లు రెండింటినీ వాడాలి. పొడుగాటి బ్రెడ్‌బోర్డులు కొన్నింటిలో ఎర్ర గీత, నీలి గీత నడిమధ్యన తెగి ఉంటాయి. గీత తెగిన చోట లోపలి రేకు కూడా తెగినట్టే లెక్క. ఆ పక్క గ్రౌండ్ ఈ పక్కకు రాదు. ఇక బోర్డు మీదే ఉన్న బటన్‌ను ప్రోగ్రాంతో చదవాలనుకునేవారు అది ఏ బటనో ముందు చూసుకోవాలి. ఊనో మీద ఉన్న ఏకైక బటన్ రీసెట్‌ది, మన ప్రోగ్రాం దాన్ని చదవలేదు. ఈఎస్‌పీ 32 బోర్డుల మీద బూట్ అని రాసినది మాత్రం 0వ పిన్నుకు కలిసి ఉంటుంది కనుక, బోర్డు మేలుకున్న తరువాత మన అవసరానికి వాడుకోవచ్చు.

పిన్ను ఎంపికలోనూ కొన్ని ఉచ్చులు ఉన్నాయి. ఈఎస్‌పీ 32లో 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు ఇన్‌పుట్‌కు మాత్రమే పనికివస్తాయి, వాటికి లోపల పుల్-అప్ రెసిస్టర్లు లేవు. ప్రోగ్రాంలో పిన్‌మోడ్ (పిన్ను అమరికను చెప్పే ఆజ్ఞ) దగ్గర ఇన్‌పుట్ పుల్‌అప్ అని రాస్తే, ప్రోగ్రాంను చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది, బోర్డులోకి ఎక్కుతుంది, కానీ పిన్ను మాత్రం గాలిలో తేలుతూనే ఉంటుంది. దగ్గరగా చెయ్యి పెడితే ఒక రకంగా, తీస్తే మరో రకంగా చదువుతుంది. 6 నుంచి 11 వరకు ఉన్నవి ఆ మాడ్యూల్‌లోని ఫ్లాష్ మెమరీకి కలిసి ఉంటాయి, వాటి జోలికి పోకూడదు. ఊనోలో 0, 1 పిన్నులు యూఎస్‌బీ సీరియల్ కోసం వాడుకలో ఉంటాయి. 2024లో వచ్చిన పికో 2 బోర్డు వాడేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. దాని చిప్పు తొలి విడతలో ఒక లోపం ఉందని తయారీదారే ప్రకటించారు. లోపలి పుల్-డౌన్‌తో (నొక్కనప్పుడు పిన్నును సున్నా వైపు లాగి ఉంచే రెసిస్టర్‌తో) బటన్ పెడితే, ఒకసారి పైకి వెళ్లిన పిన్ను వదిలాక కిందికి దిగకుండా 2.2 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. బయట 8.2 కిలో ఓములు లేదా అంతకంటే తక్కువ రెసిస్టర్ పెట్టడమో, పుల్-అప్ పద్ధతికి మారడమో దానికి విరుగుడు.

పిన్ను దగ్గర వోల్టేజీ చక్కగా మారుతూ, అయినా బోర్డు పలకకపోతే ప్రోగ్రాంను అనుమానించాలి. అప్పుడు కూడా అసలు ప్రోగ్రాంలోకి దిగకుండా, బటన్ నొక్కితే ఊనో మీది 13వ పిన్ను ఎల్‌ఈడీ వెలగడం తప్ప ఇంకేమీ చేయని నాలుగు వరసల పరీక్ష ప్రోగ్రాంను ముందు ఎక్కించడం మేలు. అది పనిచేస్తే బటన్ నుంచి చిప్పు దాకా అంతా బాగున్నట్టే, ఇక మిగిలినది అసలు ప్రోగ్రాం రాత మాత్రమే.

ఆ రాతలో నాకు బాగా నచ్చిన తప్పు ఒకటి ఉంది. నచ్చడమేమిటంటే, అది అంత చమత్కారంగా దాక్కుంటుంది. ఒక డిప్లొమా విద్యార్థి ఊనోతో నీటి మోటారు టైమర్ చేశాడు. మోటారు 15 నిమిషాలు తిరిగి ఆగాలి, ఆ తరువాత బటన్ నొక్కితే మళ్లీ మొదలవ్వాలి. మోటారు తిరగడం మొదలుపెట్టాక ఆగనూ ఆగలేదు, బటన్‌కూ పలకలేదు. ప్రోగ్రాంలో డిలే అనే, అంతసేపు ఆగమని చెప్పే ఆజ్ఞకు 15 * 60 * 1000 అని ఇచ్చాడు. లెక్క ప్రకారం అది 9,00,000 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా 15 నిమిషాలే. కానీ ఊనోలో మామూలు పూర్ణాంకానికి ఉన్న చోటు 16 బిట్లు, అందులో 32,767 దాటిన సంఖ్య పట్టదు. ఈ గుణకారం పొంగిపోయి మైనస్ 17,504గా మిగులుతుంది. డిలే దాన్ని గుర్తు లేని 32 బిట్ల సంఖ్యగా తీసుకోవడంతో అది 429 కోట్ల మిల్లీసెకన్లకు పైగా అవుతుంది. రోజులలోకి మారిస్తే ఇంచుమించు 49.7 రోజులు. అంటే ఆ బోర్డు చెడిపోలేదు, చెప్పినట్టే ఏడు వారాలు ఆగడానికి కూర్చుంది. 1000 తరువాత యూఎల్ అనే రెండు అక్షరాలు చేర్చి, గుర్తు లేని 32 బిట్ల సంఖ్యగా లెక్కించమని చెప్పగానే లెక్క సరిపోయింది. ఇదే ప్రోగ్రాం ఈఎస్‌పీ 32 మీద ఏ తేడా లేకుండా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ పూర్ణాంకం 32 బిట్లది. అందుకే ఒక బోర్డు మీద నడిచినది మరో బోర్డు మీద మొండికేసినప్పుడు బటన్‌ను కాక ఇలాంటి లెక్కలను ముందు చూడాలి. లెక్క సరిపోయినా డిలేతో టైమర్ నడపడం మంచి పద్ధతి కాదన్నది నా అభిప్రాయం. ఆ 15 నిమిషాలూ బోర్డు బటన్ వంక చూడనే చూడదు. మిల్లిస్ అనే గడియారాన్ని చూసుకుంటూ, మధ్యమధ్య బటన్‌ను చదువుతూ పోయే రాత కొంచెం పొడుగైనా అదే సరైనది.

బటన్ అదురు గురించి అందరికీ తెలుసు: లోపలి రేకు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు కలుస్తూ విడిపోతూ ఉంటుంది. అయితే అదురు వల్ల ఒక నొక్కు పలు నొక్కులుగా లెక్కకు వస్తుందని మాత్రమే చాలామంది అనుకుంటారు. ఒక నొక్కుకు వెలిగి మరో నొక్కుకు ఆరే అమరిక ఉన్నప్పుడు, అదురు రెండుసార్లో నాలుగుసార్లో లెక్కకు వస్తే, వెలిగి ఆరిపోయినది కంటికి ఆనదు. బటన్ పనిచేయలేదనే అనిపిస్తుంది. ఒకోసారి పలికి ఒకోసారి పలకని బటన్‌లలో దీన్ని ముందు అనుమానించవచ్చు. మొదటి మార్పు కనబడ్డాక 20 నుంచి 50 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివితే సరిపోతుంది.

ఇంతవరకు చెప్పినది ఏ ఊళ్లోనైనా ఒకటే. మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది, అసలు ఈ టపా రాయడానికి కారణం అదే.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళితే మా బాబాయి గారికి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఏరియేటర్లను (నీటిలోకి గాలి కలిపే యంత్రాలను) నడపడానికి, ఆపడానికి ఆయన కొడుకు ఊనో బోర్డుతో ఒక డబ్బా తయారు చేశాడు. బోర్డు రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చును) నడుపుతుంది, రిలే మోటారు స్టార్టర్‌ను నడుపుతుంది. బటన్‌లు మాత్రం గట్టు మీద ఇనుప గొట్టానికి బిగించిన చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నాయి. మార్గశిరంలో మంచు మొదలైన దగ్గర నుంచి ఆ బటన్‌లు మొరాయించాయి. బాబాయి గారు ఫోన్ చేసి చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది: "మధ్యాహ్నం దివ్యంగా పనిచేస్తుందిరా అబ్బాయ్, తెల్లారగట్లే మొండికేస్తుంది." ఆయన ఆందోళనకు కారణం చెరువులున్న వారికి చెప్పనక్కరలేదు. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు, అడుగు మట్టి అన్నీ ప్రాణవాయువును వాడుకోవడమే తప్ప తయారీ ఉండదు కనుక, సూర్యోదయానికి ముందే నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఏరియేటర్ అత్యవసరమైన గంటలోనే దాని బటన్ పలకడం లేదు.

"కొత్త బటన్ వేశానన్నయ్యా, రెండు రోజులు బాగుంది, మళ్లీ అంతే," అన్నాడు తమ్ముడు. డబ్బాను మా ఇంటికి తెచ్చి చూపిస్తానని కూడా అన్నాడు కానీ, అది వచ్చేసరికి ఎండకు ఆరి శుభ్రంగా పనిచేస్తుందని తోచి, చీకటి ఉండగానే చెరువు దగ్గరకు నేనే వెళ్లాను. స్టార్టర్ ఉన్న చోట 440 వోల్టులు ఉంటాయి కనుక, మెయిన్ కట్టేసి, బోర్డుకు విడిగా ఒక పవర్ బ్యాంకుతో 5 వోల్టులు ఇచ్చి కొలిచాం. ఈ జాగ్రత్తను మాత్రం ఎవరూ తేలికగా తీసుకోకూడదు. తడి గట్టు మీద చెప్పులు లేకుండా నిలబడి స్టార్టర్ డబ్బాలో ప్రోబులు పెట్టేవారిని నేను చూశాను.

బటన్‌ను ఎవరూ ముట్టుకోకుండా ఉన్నప్పుడు పిన్ను దగ్గర 5 వోల్టులు ఉండాలి. మీటర్ 1.3 చూపించింది. నొక్కితే సున్నా. అంటే బటన్ కలుస్తోంది, వైరు తెగలేదు, సోల్డరింగ్ ఊడలేదు. నొక్కనప్పుడే నొక్కినట్టు ఉంది. ఆ ప్రోగ్రాం పైనుంచి కిందికి వచ్చే మార్పును మాత్రమే నొక్కుగా లెక్కిస్తుంది, అది మంచి పద్ధతే. పిన్ను ఎప్పుడూ కిందే ఉంటే ఇక మార్పు ఎక్కడిది? బోర్డు దృష్టిలో ఎవరో రాత్రి నుంచి బటన్ మీద వేలు తీయకుండా నిలబడి ఉన్నారు, మనం ఎంత గట్టిగా నొక్కినా కొత్తగా నొక్కినట్టు దానికి తెలియదు. బటన్ వైరును బోర్డు దగ్గర ఊడదీయగానే పిన్ను 5 వోల్టులకు లేచింది, కాబట్టి బోర్డు మంచిదే. వైరును మళ్లీ కలిపి, గట్టు మీది పెట్టెలో బటన్‌లు అతికిన పలక దగ్గర ఊడదీసినా 5 వోల్టులే వచ్చింది, కాబట్టి వైరూ మంచిదే. కరెంటు కారుతున్నది ఆ పలక మీదనే.

మూత తీసి టార్చి వెలుగులో చూస్తే కారణం కనబడింది. జీరో బోర్డు (చిల్లులున్న సోల్డరింగ్ పలక) ముక్క మీద బటన్‌లు అతికి ఉన్నాయి. సోల్డరింగ్ పేస్టు కడగకుండా వదిలేసిన చోటల్లా గోధుమరంగు జిగురు, దాని మీద తెల్లగా ఉప్పు పొర, ఆ పొర మీద సన్నని మంచు తడి. రెండు కాళ్ల మధ్య ఉన్న 2.5 మిల్లీమీటర్ల జాగా మీద తళతళలాడుతూ నీటి తెర కనబడుతోంది. మూలన ఎర్రచీమలు గుడ్లు కూడా పెట్టాయి. ఉత్త మంచు నీరు కరెంటును అంతగా మోయదు. ఉప్పు, పేస్టు అందులో కరిగితే మోస్తుంది. ఎండ ఎక్కగానే తడి ఆరిపోతుంది, బటన్ బాగుపడుతుంది. కొత్త బటన్ రెండు రోజులు పనిచేయడానికి కారణం కూడా అర్థమైంది: దాన్ని అతికేటప్పుడు వేడికి పాత తడి ఆరింది, కొత్త పేస్టు మీద ఉప్పు ఇంకా చేరలేదు.

ఇక్కడ లెక్క చేయడం అవసరం, ఎందుకంటే మందు ఆ లెక్కలోనే ఉంది. ఏటీమెగా 328పీ లోపలి పుల్-అప్ రెసిస్టర్ విలువ 20 నుంచి 50 కిలో ఓముల మధ్య ఎంతైనా ఉండవచ్చు. దాన్ని 35 అనుకుంటే, పిన్ను 1.3 వోల్టులకు దిగడానికి తడి తెర నిరోధం 12 కిలో ఓముల ప్రాంతంలో ఉండాలి. బలహీనంగా పైకి లాగే 35 మీద, బలంగా కిందికి లాగే 12 గెలిచింది. పుస్తకాలలో, పాఠాలలో ఎక్కడ చూసినా కనిపించే 10 కిలో ఓముల రెసిస్టర్‌ను బయట కలిపితే, లోపలిదానితో కలిసి 7.8 అవుతుంది, అప్పుడు పిన్ను దగ్గర వచ్చేది 3.03 వోల్టులు. హామీ హద్దు 3. అంటే గీత మీద నిలబడినట్టు. మరికాస్త మంచు కురిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. 4.7 కిలో ఓములు పెడితే 3.7 వోల్టులు, 2.2 పెడితే 4.2 దాటుతుంది. మేము 2.2 పెట్టాం.

ఇంకా తగ్గించి 470 ఓములు పెట్టవచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. రెసిస్టర్ తగ్గినకొద్దీ నొక్కినప్పుడు పిన్నును కిందికి దించడం బటన్‌కు కష్టమవుతుంది. చెరువు అడుగున పేరుకున్న నల్లమట్టి నుంచి కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది, అది వెండిని నల్లబరుస్తుంది. ఈ రకం బటన్‌లలో చాలావాటి లోపలి రేకులకు ఉండేది వెండి పూతే. ఆ నలుపు పొర వల్ల రేకులు కలిసినా వందల ఓముల నిరోధం మిగిలిపోవచ్చు. 2.2 కిలో ఓముల దగ్గర పిన్ను 1.5 వోల్టుల లోపుకు రావాలంటే బటన్ నిరోధం సుమారు 880 ఓములు దాటకూడదు. 470 పెడితే ఆ అవకాశం 200 ఓములకు కుంచించుకుపోతుంది. మరోవైపు, రేకుల గుండా పారే కరెంటు కొంచెం పెరగడం మేలే, అది ఆ పలుచని పొరను ఛేదించడానికి సాయపడుతుంది. లోపలి పుల్-అప్‌తో 0.14 మిల్లీ ఆంపియర్లే పారేది ఇప్పుడు 2.4 అయింది. ఈ రెండు వైపుల లాగుడు మధ్య 2.2 నుంచి 4.7 కిలో ఓముల దాకా ఏదైనా మన గాలికి సరిపోతుందని నా అనుభవం. బల్ల మీద చేసే పనికి లోపలి పుల్-అప్ చాలు, గట్టు మీదికి వెళ్లే పెట్టెకు అది చాలదు.

రెసిస్టర్ మార్చడంతో పని అయిపోదు, మురికి అలాగే ఉంటే కాళ్లు తుప్పుపట్టి కొన్నాళ్లకు తెగిపోతాయి. పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత పళ్ల బ్రష్‌తో రెండు వైపులా కడిగి ఆరబెట్టాలి. మందుల షాపులో దొరికే శానిటైజర్ వాడకూడదు. చేతులు పొడిబారకుండా అందులో కలిపే గ్లిజరిన్ ఆరదు, పైగా గాలిలోని తడిని పట్టి ఉంచుతుంది. కడిగిన తరువాత సోల్డరింగ్ వైపు కన్ఫార్మల్ కోటింగ్ (తడి తగలకుండా పూసే పలుచని పూత) పూయవచ్చు, బటన్‌లోకి మాత్రం అది దిగకూడదు, దిగితే రేకుల మధ్యనే పొర కట్టి ఈసారి నిజంగానే బటన్ చచ్చిపోతుంది. పెట్టెకు పైన వైరు దూర్చడానికి పెట్టిన రంధ్రాన్ని మూసి, కింది వైపు నుంచి కేబుల్ గ్లాండ్‌తో (వైరు చుట్టూ బిగిసి సందు మూసే బిరడాతో) వైరు తెచ్చాం. వైరు గ్లాండ్‌లోకి ఎక్కే ముందు కిందికి ఒక వంపు తిరిగితే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వీలైతే ఐపీ 67 రకం, అంటే దుమ్ము, నీరు చొరబడకుండా మూసివున్న బటన్‌లు తెప్పించుకోవాలి. లోపల మంచు చేరకుండా ఉంటుందనుకుని పెట్టెను సిలికాన్‌తో పూర్తిగా మూసేసేవారు ఉన్నారు, అది నాకు ఇష్టం లేని పని. మూసేటప్పుడు లోపల ఉన్న తడి గాలి తెల్లవారుజామున చల్లబడి అక్కడే నీరవుతుంది, బయటికి పోయే దారి ఉండదు.

ప్రోగ్రాంలో కూడా చిన్న మార్పు చేశాం. బటన్ 30 సెకన్లకు మించి ఎడతెగకుండా నొక్కి ఉన్నట్టు కనబడితే అది మనిషి వేలు కాదని తీర్మానించి, ఎర్ర ఎల్‌ఈడీ గబగబా కొట్టుకునేలా, నడుస్తున్న ఏరియేటర్‌ను ఆపకుండా అలాగే ఉంచేలా రాశాడు తమ్ముడు. బోర్డుకు కరెంటు వచ్చిన వెంటనే కూడా ఒకసారి ఇదే చూసుకుంటుంది. ఇది ముందే ఉండి ఉంటే బటన్ మార్చే శ్రమ తప్పేది.

బాబాయి గారు ఆ తరువాత అడిగినది మరొకటి. బటన్ పెట్టెను ఇప్పుడున్న చోటు నుంచి షెడ్డు దాకా, అంటే 100 మీటర్ల దూరానికి మార్చవచ్చా అని. అంత పొడుగు వైరును నేరుగా చిప్పు పిన్నుకు కలపమని నేను ఎవరికీ చెప్పను. పక్కనే మోటారు కేబుళ్లు పడుకుని ఉంటాయి, స్టార్టర్ పడినప్పుడల్లా ఆ వైరులో పుట్టే కుదుపు దొంగ నొక్కులను తెస్తుంది, పిడుగుల కాలంలో బోర్డే పోవచ్చు. దానికి తగిన దారి 12 వోల్టులతో ఆప్టోకప్లర్‌ను (రెండు వైపులనూ తీగతో కలపకుండా వెలుగుతో సంకేతం దాటించే చిప్పును) నడపడం. బటన్ నుంచి వచ్చిన 12 వోల్టులను 2.2 కిలో ఓముల గుండా పీసీ 817 అనే ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీకి ఇచ్చి, దాని అవతలి ట్రాన్సిస్టర్‌ను పిన్నుకు, గ్రౌండ్‌కు మధ్య కలపాలి. నొక్కితే 5 మిల్లీ ఆంపియర్లకు కొంచెం తక్కువగా పారుతుంది, అంత పొడుగు వైరు నిరోధం దాని ముందు లెక్కలోకి రాదు. ఆ 12 వోల్టులు బోర్డు సరఫరాతో గ్రౌండ్ కలవని వేరే అడాప్టర్ నుంచి రావాలి, లేకపోతే ఆప్టోకప్లర్ పెట్టిన ఫలితం సగం పోతుంది.

ఇక్కడ కూడా మంచు తెరను మరిచిపోకూడదు. అదే 12 కిలో ఓముల తడి ఈ బటన్ మీద చేరితే ఆ ఎల్‌ఈడీ గుండా 0.7 మిల్లీ ఆంపియర్లు కారుతాయి, ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి అది చాలవచ్చు. అందుకే ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య అడ్డంగా 1 కిలో ఓము రెసిస్టర్ ఒకటి కలపమన్నాను. తడి వల్ల కారే కొద్దిపాటి కరెంటు ఆ రెసిస్టర్ మీద 0.8 వోల్టులు కూడా పుట్టించలేదు, ఎల్‌ఈడీ వెలగడానికి ఒక వోల్టు పైన కావాలి కనుక అది ఆరిపోయే ఉంటుంది. నిజంగా నొక్కినప్పుడు మాత్రం రెసిస్టర్ వాటా పోగా 3.7 మిల్లీ ఆంపియర్ల దాకా ఎల్‌ఈడీకి మిగులుతాయి. సామాను విజయవాడ నుంచి రావాలి, ఈలోగా తమ్ముడు మోటారు కేబుల్‌కు దూరంగా గట్టు రెండో పక్కన వైరు వేయడానికి గొట్టం పాతుతున్నాడు.